కన్నీళ్లకూ వెటకారానికీ ఒకటే మైకు

2024 ఏప్రిల్ 25, పులివెందుల. నామినేషన్ వేయడానికి వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఆ రోజు సభలో చాలా సంగతులు మాట్లాడారు గానీ సాయంత్రానికి టీవీల్లో మిగిలింది ఒక చీర. పసుపు చీర కట్టుకుని వైఎస్సార్ శత్రువుల గడప తొక్కినవాళ్లు ఆయన వారసులెలా అవుతారు అనే అర్థంలో అన్నారాయన. కొడుకు పెళ్లికి పిలవడానికి ఆయన చెల్లెలు షర్మిల టీడీపీ అధినేత చంద్రబాబు ఇంటికి వెళ్లిన సంగతి అప్పటికే ఊరూరా తెలుసు కాబట్టి బాణం ఎవరి మీదకో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. బాణం అంటే గుర్తొచ్చింది, 2012లో ఆయన జైల్లో ఉన్నప్పుడు "జగనన్న వదిలిన బాణాన్ని" అని చెప్పుకుంటూ ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా నడిచింది కూడా ఆవిడే. అంతమంది ముందు చెల్లెలి చీర గురించి మాట్లాడతారా అని తర్వాత షర్మిల అడిగారు.

అన్నాచెల్లెళ్లలో ఎవరిది న్యాయమో తేల్చడం ఇక్కడ నా పని కాదు. ఆస్తులున్నాయి, పార్టీలున్నాయి, బాబాయి వివేకా హత్య ఉంది, అదంతా వేరే కథ. నాకు పట్టుకున్నది ఇంకోటి. ఆ ఎన్నికల్లో ఆయన ఏ సభ తీసుకున్నా "నా అక్కచెల్లెమ్మలు, నా అవ్వాతాతలు, నా ఎస్సీ, నా ఎస్టీ, నా బీసీ, నా మైనారిటీ" అనే మాటలు వినబడతాయి. తనను తాను "మీ బిడ్డ" అంటారు. ఆ ప్రేమంతా నటనే అని నేను అనను, అవ్వ చేతికి ఒకటో తారీఖునే పింఛను అందడం నటన కాదు కదా. కాకపోతే ఆ "నా" అన్న మాట చూడండి. అది ఎంతమందిని దగ్గరికి తీసుకుంటుందో అంతమందిని గీత బయట నిలబెడుతుంది. గీత లోపలున్నవాళ్లు అక్కచెల్లెమ్మలు, బయటున్నవాళ్లు దుష్టచతుష్టయం, పెత్తందార్లు, దత్తపుత్రుడు. సొంత చెల్లెలైనా సరే, గీత దాటితే చీర రంగు దాకా వెళ్లొచ్చు.

ప్రచారంలో దయ ఒకవైపు, క్రూరత్వం ఒకవైపు ఉంటాయని, ఒక పార్టీ దీన్ని ఎంచుకుంటే ఇంకో పార్టీ దాన్ని ఎంచుకుంటుందని మనం మామూలుగా అనుకుంటాం. మన దగ్గర అలా లేదు. రెండూ ఒకే ఉపన్యాసంలో, ఒకే నోటి నుంచి, పది నిమిషాల తేడాలో వస్తాయి. ఇంకా చెప్పాలంటే మొదటిదే రెండోదానికి లైసెన్సు. నా పేదవాళ్ల కోసం కొట్లాడుతున్నాను కాబట్టి అడ్డొచ్చినవాణ్ని ఏమన్నా చెల్లుతుంది, అంతే లెక్క.

ఇది ఒక్క వైసీపీ జబ్బయితే ఈ వ్యాసం రాయనక్కర్లేదు. "సైకో పోవాలి, సైకిల్ రావాలి" అన్న నినాదాన్ని టీడీపీ రాష్ట్రమంతా పాడించింది. ప్రాస కుదిరింది, పిల్లలు కూడా పట్టేసుకున్నారు. మానసిక జబ్బుతో బాధపడే మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న కుటుంబాలు ఈ రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి, వాళ్ల వీధిలోంచి ఆ మైకు ఎన్నిసార్లు వెళ్లిందో ఎవరు ఆలోచించారు? 2024 ఏప్రిల్ 13న విజయవాడలో బస్సు యాత్రలో జగన్ కంటిపైన రాయి తగిలింది. దెబ్బ తగిలిన మనిషి ముఖ్యమంత్రి, రాయి ఇంకాస్త కిందికి తగిలుంటే కన్నే పోయేది. ఎదుటి పక్షం దానికి పెట్టిన పేరు గులకరాయి డ్రామా. అంతకుముందు 2018 అక్టోబరులో విశాఖ విమానాశ్రయంలో జరిగిన దాడి కూడా అంతే, కోడికత్తి అన్న ఒక్క మాట కింద ఏళ్ల తరబడి జోకుగా నలిగింది. ఆ కేసులో ఏళ్లకేళ్లు రిమాండులో మగ్గిన కుర్రాడు మాత్రం ఒక పక్షానికి సాక్ష్యంగా, రెండో పక్షానికి ఎగతాళి సరుకుగా పనికొచ్చాడు.

వెటకారం మనకు కొత్తేం కాదు, దాన్ని చెడ్డదని కూడా నేను అనను. గోదావరి జిల్లాల్లో దాన్ని వంటలో ఉప్పులా వాడతారు. కేసీఆర్ సభలకు జనం ఎగబడింది అంకెల కోసం కాదు, ఆ నోటి కోసం. నాయకుణ్ని వాడి పని మీద, వాడి మాట మీద ఎంత ఏకినా మనవాళ్లు నవ్వుకుంటారు, రేపు తిరిగి వాడు కూడా ఏకుతాడని తెలుసు. లెక్క మారేది రెండు చోట్ల. దెబ్బ ఇంట్లో ఉన్న మనిషికి తగిలినప్పుడు ఒకటి, కిందపడ్డ మనిషికి తగిలినప్పుడు రెండోది. పవన్ కల్యాణ్ పెళ్లిళ్ల లెక్క ముఖ్యమంత్రిగా ఉన్న జగన్ ప్రభుత్వ కార్యక్రమాల వేదికల మీద చెబుతుంటే ముందు వరసలో కూర్చోబెట్టిన డ్వాక్రా మహిళలు ఎటు చూడాలో తెలియక ఎటో చూసేవారు. (పవన్ తక్కువ తినలేదు, 2022లో మంగళగిరిలో స్టేజీ మీద చెప్పు తీసి చూపించిన వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది.)

మరి ఇంత తెలిసీ నాయకులు ఎందుకు మానరు? చప్పట్ల వల్ల. ఏ సభకైనా వెళ్లి నిలబడి చూడండి. ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయో నాయకుడు వివరిస్తున్నంతసేపూ వెనక ఉన్న కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటుంటారు, ఎదుటివాడి కొడుకును పప్పు అన్నాడో లేదో, ఈలలు. ఆ ముక్క ముప్పై సెకన్లలో రీల్ అవుతుంది, రాత్రికి వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ధాన్యం డబ్బుల సంగతి ఏ రీల్‌లోనూ పట్టదు. పొద్దున్నే ఆ రీల్‌కి ఎన్ని వ్యూసొచ్చాయో నాయకుడికి చూపించేవాడు ఒకడుంటాడు. అవి తన జెండా మోసేవాళ్ల ఈలలే గానీ ఓటు ఎటు వేయాలో తేల్చుకోనివాళ్లవి కావని చెప్పేవాడు మాత్రం ఉండడు. ఆ పప్పు అనిపించుకున్న చంద్రబాబు కొడుకు లోకేశ్ 2019లో మంగళగిరిలో ఐదు వేల చిల్లర ఓట్లతో ఓడి, 2024లో అదే చోట 91 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

చంద్రబాబు విషయం ఇంకా విచిత్రం. ఈయన సానుభూతి పుట్టించే రకం మనిషి కాదు, ఎప్పుడూ కాదు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో మందుపాతరల నుంచి బతికి బయటపడ్డారు. మామూలుగా అయితే రాష్ట్రం కరిగిపోవాలి. ఆయన కూడా అలాగే లెక్క వేసుకున్నారో ఏమో, నవంబరులో అసెంబ్లీ రద్దు చేసి ముందే ఎన్నికలకు వెళ్లారు, 294 సీట్లలో 47 వచ్చాయి. ఎందుకంటే ఆ వేసవిలోనే వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా మండుటెండలో నడిచి వెళ్లారు. వరస కరువులు, బోర్లు ఎండి, అప్పుల్లో మునిగి ఉరి వేసుకుంటున్న రైతుల కాలం అది. తమ ఇంటి చావుని పట్టించుకోలేదని అనుకుంటున్నవాళ్ల దగ్గరికి వెళ్లి నాకు తగిలిన దెబ్బ చూడండి అంటే ఎవరు చూస్తారు? కనికరం అడగడానికి ముందు కాస్త పెట్టి ఉండాలి.

అలాంటి మనిషికి 2021 నుంచి 2023 మధ్య ప్రత్యర్థులే చేజేతులా సానుభూతి తెచ్చిపెట్టారు. 2021 నవంబర్ 19న అసెంబ్లీలో తన భార్యను అనరాని మాటలన్నారని చెప్పి ఆయన ప్రెస్‌మీట్‌లో వెక్కి వెక్కి ఏడ్చారు. మేం అనలేదు అని వైసీపీ వాదించింది. సరే, అన్నారా లేదా అన్నది పక్కన పెడదాం, ఆ ఏడుపు చూశాక ఏం చేశారు? ఏడుపుని డ్రామా అన్నారు, అనుకరించి చూపించారు. డెబ్బై దాటిన మనిషి భార్య పేరెత్తి ఏడుస్తుంటే, ఆయనకు జన్మలో ఓటెయ్యని ఇంట్లో కూడా టీవీ సౌండు కాస్త తగ్గుతుంది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో అరెస్టు, 73 ఏళ్ల వయసులో యాభై రోజులకు పైగా రాజమండ్రి జైలు. కేసు బలం ఎంత అన్నది కోర్టులు చూసుకుంటాయి, కానీ జైల్లో దోమల మీద కూడా జోకులు వేసుకున్న ఉత్సాహం ఉందే, అదే కొంప ముంచింది. సెప్టెంబర్ 14న పవన్ ఆయన్ని కలిసి జైలు బయటికి వచ్చి అక్కడికక్కడే పొత్తు ప్రకటించారు. అంతకాలం సీట్ల బేరాల్లో నానుతున్న విషయం జైలు గుమ్మం దగ్గర తెగిపోయింది.

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాలి. బూతుల వల్లే వైసీపీ 151 సీట్ల నుంచి 11కి పడిపోయిందని చెప్పేయడం చాలా సుఖంగా ఉంటుంది, అందులో నిజం కొంతే. రోడ్లు, మద్యం, ఉద్యోగాలు, రాజధాని, భూమి పాస్‌పుస్తకాల మీద జగన్ ఫొటో, భూమి హక్కుల చట్టం మీద పుట్టిన భయం, ఇవన్నీ ఉన్నాయి. ఆ చట్టం మీద టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి చేసిన ప్రచారంలో కూడా మీ భూమి మీది కాకుండా పోతుందన్న బెదిరింపే ఎక్కువ. పైగా ఆ ఓటమిలో కూడా రాష్ట్రంలో దాదాపు 40 శాతం మంది ఫ్యానుకే గుద్దారు, మరి వాళ్లెవరికీ చెవులు లేవా? కడపలోనైతే కాంగ్రెస్ అభ్యర్థి షర్మిల, వివేకా కూతురు సునీత కొంగు చాపి న్యాయం అడిగారు. అంతకన్నా మెత్తగా, అంతకన్నా బాధగా ఎవరు అడగగలరు? షర్మిల మూడో స్థానంలో నిలిచారు, వైసీపీ అభ్యర్థి అవినాశ్‌రెడ్డే గెలిచారు. కన్నీళ్లకు ఓట్లు రాలతాయన్నది సూత్రమేమీ కాదు.

అసలు కనికరం కూడా ప్రచార సామగ్రి అయిపోయాక ఏమవుతుందో చూడాలంటే ఓదార్పు యాత్రని చూడాలి. 2009 సెప్టెంబరులో వైఎస్ పోయాక ఆ దుఃఖంతో చనిపోయారని చెప్పిన వాళ్ల ఇళ్లకు జగన్ 2010లో వెళ్లడం మొదలుపెట్టారు. వద్దని కాంగ్రెస్ అధిష్ఠానం అనడమే ఆయనకు వరమైంది, పరామర్శకు వెళ్లే కొడుకుని ఆపడం తెలుగునాట ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. 2012 ఉప ఎన్నికల్లో 18 అసెంబ్లీ స్థానాల్లో 15 గెలిచారు. అంత పెద్ద సానుభూతి రెండేళ్లకే ఆరిపోయి 2014లో ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వచ్చింది, అది వేరే విషయం. పదమూడేళ్ల తర్వాత, అప్పుడు ఓదార్పుని శవ రాజకీయం అన్న పార్టీ నుంచే, చంద్రబాబు భార్య భువనేశ్వరి "నిజం గెలవాలి" అంటూ బయల్దేరారు. చంద్రబాబు అరెస్టు వార్తకు గుండె ఆగి చనిపోయారని చెప్పిన వాళ్ల ఇళ్లకు, అదే పరామర్శ, అదే చెక్కు, గుమ్మంలో అదే కెమెరా. జెండా రంగు తప్ప తేడా నాకైతే కనబడలేదు. ఆ ఇళ్లలో కొందరికి నిజంగానే ఓదార్పు దొరికి ఉంటుంది, దాన్ని తక్కువ చేయను. కానీ యాత్ర సాగాలంటే చావుల జాబితా కావాలి, జాబితా ఎంత పొడుగైతే నాయకుడు అంత గొప్పవాడు. ఈ లెక్కలో దయ ఎక్కడిదాకా ఉంది, క్రూరత్వం ఎక్కడ మొదలైంది?

అన్నిటికన్నా చేదుగా మిగిలింది మాత్రం 2024 ఏప్రిల్. ఎన్నికలయ్యేదాకా ఇంటింటికీ తిరిగే వాలంటీర్లతో పింఛన్లు పంచొద్దని ఎన్నికల సంఘం మార్చి 30న చెప్పింది. రెండున్నర లక్షల మంది వాలంటీర్లు తప్పుకున్నా గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఉన్నారు, ఇళ్లకు పంపి ఉండొచ్చు. పంపకుండా ఎక్కువమందిని సచివాలయానికే రమ్మన్నారు. 65 లక్షలకు పైగా పింఛనుదారులు, ఏప్రిల్ ఎండ. ముసలివాళ్లను మంచాల మీద, రిక్షాల్లో మోసుకెళ్లారు, కొందరు దారిలోనే పోయారని వార్తలొచ్చాయి. చంద్రబాబే వాలంటీర్లను ఆపించి చంపారు అని ఒకరు, కావాలనే ఎండలో నిలబెట్టి చంపారు అని ఇంకొకరు. మంచం మీద మోసుకొస్తున్న అవ్వల ఫొటోలు రెండు పార్టీల సోషల్ మీడియాలోనూ తిరిగాయి, కింద రాతలు మాత్రమే వేరు. ఆ గొడవంతా చూశాక మే నెలలోనైనా ఇంటికి తీసుకెళ్లి ఇస్తారనుకుంటే, నడవలేనివాళ్లకు తప్ప మిగతావాళ్లకు బ్యాంకు ఖాతాల్లో వేశారు, ఈసారి క్యూలు బ్యాంకుల ముందు.

జులై 1న కొత్త ముఖ్యమంత్రి చంద్రబాబు పెనుమాకలో ఒక ఇంటికి వెళ్లి పింఛను చేతికిచ్చారు. నెలకు నాలుగు వేలు, ఏప్రిల్ నుంచి మూడు నెలల పెంపు బకాయి కలిపి ఏడు వేలు. పంచింది వాలంటీర్లు కాదు, ఏప్రిల్‌లో ఇల్లిల్లూ తిప్పకుండా ఉంచిన ఆ సచివాలయ సిబ్బందే.