ఆగిన పని ఆగిపోయినట్టేనా?

చార్లెస్ డార్విన్ 1842 డిసెంబరులో ఇంటి దగ్గరి పొలంలో కొంతమేర సుద్దముక్కలు చల్లించారు. వానపాములు పైకి తెచ్చిపోసే మట్టి కింద అవి ఎంత లోతుకు చేరతాయో చూడాలన్నది ఆయన ఉద్దేశం. అక్కడ కందకం తవ్వింది 1871 నవంబరులో. ఏడు అంగుళాల లోతున తెల్లటి గీతలా సుద్ద కనిపించింది. వానపాములపై ఆయన పుస్తకం వెలువడడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ 29 ఏళ్లూ పొలంలో డార్విన్ రోజూ చేయవలసింది ఏమీ లేదు. ఈలోగా ఆయన వేరే పుస్తకాలు రాసుకున్నారు. ఇష్టంతో మొదలుపెట్టిన పని గురించి ఇప్పుడు వినిపించే సలహా ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: రోజూ చేయాలి, ఒక్కరోజూ తప్పకూడదు. భాషలు నేర్పే యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు వచ్చామో లెక్కగడతాయి. జ్వరం వచ్చో, ఉద్యోగం మారో ఆ లెక్క తెగిందంటే చాలామంది మళ్లీ అటు చూడరు. హాజరుపట్టీనే చదువనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

విరామం నేర్చుకోవడానికి శత్రువు కాదని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించారు. అర్థంలేని 12 పదాంశాల వరుసను పరీక్షకు ముందురోజు ఒక్కసారిగా 68 మార్లు వల్లెవేసినా, మూడు రోజులకు పంచి 38 మార్లే చదివినా ఫలితం దాదాపు ఒకటే. (ప్రయోగం చేసిందీ, చేయించుకున్నదీ ఆయనే!) అయితే మూడు రోజుల ముచ్చటను చూపి మూడేళ్ల విరామాన్ని సమర్థించలేం.

అందుకు గణితవేత్త ఆండ్రూ వైల్స్ కథ నయం. పదేళ్ల వయసులో, శతాబ్దాలుగా ఎవరూ నిరూపించలేకపోయిన ఫెర్మా చివరి సిద్ధాంతం ఆయన్ను పట్టుకుంది. పరిశోధక విద్యార్థిగా దాన్ని పక్కనపెట్టి దీర్ఘవృత్తీయ వక్రాలపై (ఒక రకం సమీకరణాలు గీసే వక్రాలివి) పనిచేశారు. 1986లో ఆ వక్రాలకూ ఫెర్మా సమస్యకూ లంకె రుజువైంది. అప్పుడు తిరిగి మొదలుపెట్టారు. 1993లో ప్రకటించిన నిరూపణలో లోపం బయటపడితే, మరో గణితవేత్త రిచర్డ్ టేలర్ సాయంతో 1994లో సరిదిద్దారు. పక్కనపెట్టిన కాలంలో చదివినదే చివరికి పనిముట్టయింది.

కాబట్టి పని ఎంతకాలం ఆగిందన్నది కాదు, తిరిగి అందుకోవడానికి పట్టు మిగిలిందా అన్నదే ముఖ్యం. డార్విన్‌కు సుద్ద ఉంది. మనకైతే ఆపేరోజు రాసుకున్న రెండు వాక్యాలు చాలు: ఎక్కడ చిక్కుపడ్డాను, తర్వాత ఏది ప్రయత్నించాలి. భారీ ప్రణాళికలకంటే ఈ చీటీకే ఆయుష్షు ఎక్కువని నా అభిప్రాయం.

అన్ని పనులూ ఇలా ఓపిక పట్టవు. వాయిద్యం నేర్చేవారి వేళ్లకు, కొత్త భాష మాట్లాడేవారి నాలుకకు ఏ చీటీ సరిపోదు. వాటిలో వారానికి రెండుసార్లయినా సాధన ఉండాల్సిందే. రాత, పరిశీలన, సేకరణ, గణితం మాత్రం ఆగినచోటే వేచి ఉంటాయి.