కానుక పెట్టెకి క్యూఆర్ కోడ్

పాలకొండ, బొబ్బిలి వైపు చర్చిలోళ్ల స్వస్థత కూటమంటే, అదే జబ్బులు నయమవ్వాలని పెట్టే ప్రార్థన సభంటే, ఇప్పుడు ముందు స్టాలే కనపడుతోంది. కొబ్బరినూనె చిన్న సీసాలో పోసి ‘అభిషేక తైలం’ అని స్టిక్కరేస్తే రేటు మారిపోద్ది. బైబిల్లో మత్తయి 10:8లో ‘ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి’ అనుంది కదా, మరిదేటి?

కానుకల కోడ్ స్కాన్ చేస్తే చాలాచోట్ల సంఘం పేరు రాదు, పాస్టరుగారి సొంత పేరొస్తుంది. చెడేది అక్కడే. సంఘం పేరున ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకాలు, ఆరాధన అవగానే పెద్దలు ముగ్గురు కూర్చుని లెక్కపెట్టడం, నంబరున్న రసీదు... పెద్ద పనా? రసీదడిగితే మాత్రం ‘విశ్వాసం తక్కువ’ అంటారు. కూలి డబ్బుల్లోంచి దశమభాగం తీసిచ్చే ముసలమ్మకి ఏడాది లెక్క గోడకి అంటించి చూపడానికి ఒక్క కాగితం చాలు. అదుండదు, సౌండు బాక్సులు మాత్రం ఏటేటా కొత్తవే.