డెల్టాలో మిగిలిన చివరి ఉమ్మడి కుటుంబం

గోదావరి జిల్లాల్లో ఉమ్మడి కుటుంబాలు మాయమైపోయాయని దిగులు పడే పెద్దలకు శుభవార్త. ఒకటి మిగిలుంది. దాని కోసం పాత మండువా లోగిళ్లు వెతకనక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ తెరవండి. ఎప్పుడో చదువుదామని దాచుకుని ఇప్పటిదాకా చదవని వెబ్ పేజీ ఒకటి కనిపిస్తుంది. పక్కనే ఆ పేజీ బొమ్మలూ మిగతా సరంజామా ఉండే ఒక ఫోల్డర్ ఉంటుంది. పేజీ పేరునే ఇంటిపేరుగా పెట్టుకుని, చివర అండర్‌స్కోర్, ఫైల్స్ అని తగిలించుకుంటుంది.

వీటి మధ్య ఉన్న కట్టుబాటు చూస్తే మనం సిగ్గుతో తలదించుకోవాలి. విండోస్‌లో పేజీని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, పిలవకుండానే ఫోల్డర్ వెంట నడుస్తుంది. పేజీని డిలీట్ చేస్తే ఫోల్డర్ కూడా రీసైకిల్ బిన్‌లోకి దూకేస్తుంది. ఫోల్డర్‌ని తీసేస్తే పేజీ ఒక్క క్షణం కూడా వెనక ఉండదు. మన దగ్గరైతే అన్నగారు పోయాక తమ్ముడు పెద్దకర్మ భోజనాల దాకా ఓపిక పట్టి, విస్తళ్లు ఎత్తగానే సర్వేయర్‌కి ఫోన్ చేస్తాడు. అలా ఓపిక పట్టినవాణ్ణి ఊళ్లో పెద్దమనిషి అంటారు.

ఇంత గొప్ప బంధానికి ఆధారం ఏమిటయ్యా అంటే, ఒక్క పేరు. ఇంకేమీ కాదు. నమ్మకం లేకపోతే నోట్‌ప్యాడ్‌లో ఒక ఖాళీ పేజీ చేసి ‘పెళ్లి’ అని పేరు పెట్టి హెచ్‌టీఎమ్ఎల్‌గా దాచండి. పక్కన ‘పెళ్లి’, అండర్‌స్కోర్, ఇంగ్లిష్‌లో ఫైల్స్ అనే పేరుతో ఫోల్డర్ చేసి అందులో మీ అమ్మాయి పెళ్లి ఫొటోలు వేయండి. రెండింటికీ స్నానమైనా చేయని చుట్టరికం. అయినా విండోస్ ఒకే కుటుంబమని నిర్ధారించేస్తుంది. ఆ ఖాళీ పేజీని తీసేస్తే తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నీ బుట్టలో పడతాయి. గోత్రం అడగదు, ఆధార్ అడగదు. ఈ ప్రయోగం ఫొటోల నకలు ఇంకోచోట పెట్టుకున్నాకే చేయండి. మీ ఇంట్లో ఆడవాళ్లకు సమాధానం చెప్పే బాధ్యత నాది కాదు.

పూర్వం, అంటే 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కాలంలో, ఈ కాపురాల విషయంలో యజమానికి మూడు మార్గాలు ఉండేవి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వెతికితే దొరికేవి. జంటను ఒకే ఫైలుగా చూపించి ఒకే ఫైలుగా నడపడం మొదటిది. ఒకే గుమ్మం, ఒకే పొయ్యి అన్నమాట. ఇద్దర్నీ విడివిడిగా చూపించి, వ్యవహారం మాత్రం ఉమ్మడిగా నడపడం ఇంకోటి. వంటలు వేరు, వరిచేను ఒకటే. ఇక మూడోది ఎవరి దారి వారిది, మధ్యలో గోడ. అమెరికాలో కూర్చుని ఈ మూడూ రాసిన ఇంజినీర్లు అమలాపురం కోర్టు ఆవరణలో ఒక్క పూటైనా కూర్చుని ఉంటారని నాకు గట్టి అనుమానం. తర్వాతి విండోస్‌లలో ఆ పెట్టె కనిపించకుండా పోయింది. ఇప్పుడు వీళ్లను విడదీయాలంటే రిజిస్ట్రీలోకి, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాలోకి వెళ్లి, ‘నో ఫైల్ ఫోల్డర్ కనెక్షన్’ అనే విలువ సృష్టించి, దానికి 1 అని రాయాలి. పంపకాలకు రిజిస్ట్రీ తప్పదని మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ స్టాంపు డ్యూటీ లేదు, అదొక్కటే తేడా.

సరే, ఇంతకీ ఆ ఫోల్డర్‌లో ఎవరెవరు ఉంటారు? ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ సంబరంలో ఎవరో పూతరేకుల తయారీ పేజీ దాచుకున్నారనుకోండి. ఫోల్డర్ తెరిస్తే జావాస్క్రిప్టులు, అంటే పేజీని ఆడించే కోడ్ ఫైళ్లు, వరసగా నిలబడి ఉంటాయి. క్రోమ్‌లో దాచితే వాటి పేర్ల చివర ‘డౌన్‌లోడ్’ అని తోక కూడా ఉంటుంది. తర్వాత, కంటికి కనిపించని ఒక చుక్కంత బొమ్మ. మీరు పేజీ చూశారని ఎవరికో చాడీ చెప్పడానికే అది పుట్టింది. ఆ తర్వాత ‘సేవ్డ్ రిసోర్స్’ అనే పేరుతో ఇంకో చిన్న పేజీ. తెరిస్తే జుట్టు నూనె ప్రకటన. కుండ మీద రేకు తీస్తున్న ఫొటో మాత్రం ఉండదు. మీరు కిందిదాకా జరపకుండానే దాచారు కాబట్టి ఆ బొమ్మ అసలు దిగనే లేదు. సంపాదించేవాడు ఒక్కడు, తినేవాళ్లు ఇరవై మంది. ఉమ్మడి కుటుంబం కాదని ఎవరనగలరు?

అసలు మనం ఏం దాచుకుంటామో కూడా చెప్పుకోవాలి. లంక గ్రామాల్లో జూలై వచ్చిందంటే ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం పేజీ దాచేవాళ్లు ఉన్నారు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవన్నీ వాళ్లకు నోటికొచ్చు. అయినా దాస్తారు. దాచిన పేజీలో గోదావరి అద్భుతమైన నది. పైన భద్రాచలంలో ఎంత కురిసినా ఒక్క అంగుళం ఎక్కదు, ఎండాకాలం వచ్చినా దిగదు. మా బంధువు ఒకాయన కంప్యూటర్‌లో రెండో హెచ్చరిక ఏళ్ల తరబడి అమల్లోనే ఉంది, ఇప్పటిదాకా ఎవరూ ఉపసంహరించలేదు. అలాగే అంబాజీపేట కొబ్బరి ధర. బాగా పలికిన రోజు పేజీని దాచుకుని, ధర పడిపోయిన రోజు తెరిచి చూసుకుని, దళారికి కూడా చూపిస్తారు. దళారి గౌరవంగా చూసి, “బాగుందండీ, ఆ పేజీకే అమ్ముకోండి” అంటాడు.

ఈ కుటుంబం చితికేది మాత్రం వాట్సాప్ దగ్గర. విండోస్ గుమ్మం దాటితే ఆ పేరు బంధాన్ని ఖాతరు చేసేవాడు లేడు. మెయిల్‌కి జత చేసినా, ఫోన్‌కి పంపినా పేజీ ఒక్కటే వెళ్తుంది. ముమ్మిడివరం వైపు ఒక నెట్ సెంటర్‌లో విన్న సంభాషణ ఇది.

“బొమ్మలు ఏయండీ బాబూ? అన్నీ ఖాళీ డబ్బాలే ఉన్నాయి.”

“ఫోల్డరు తేలేదాండీ?”

“అదెందుకండీ, చెత్తంతా అందులోనే ఉందని తీసేశాడండి మావాడు.”

“మరి పేజీ ఎలా మిగిలిందండీ?”

“ముందే నాకు వాట్సాప్ చేశాడు కదండీ, ఆయ్.”

దీనికి మందు 1990ల చివర్లోనే వచ్చిందని చదువుకున్న కుర్రాళ్లు అంటారు. ఎంహెచ్‌టీఎమ్ఎల్ అని, పేజీనీ బొమ్మల్నీ ఒకే ఫైల్లో కుక్కే పద్ధతి. ఈమెయిళ్ల కోసం పుట్టింది. క్రోమ్‌లో దాచేటప్పుడు ‘సింగిల్ ఫైల్’ అని ఎంచుకుంటే చాలు. పనిచేస్తుంది, కాదనను. కానీ బొమ్మల్ని అక్షరాలుగా మార్చి లోపల సర్దేటప్పుడు అవి మామూలుగా మూడోవంతు లావెక్కుతాయి. ఫైర్‌ఫాక్స్ అయితే ఆ ఫైలుని గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది. పైగా అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో బయటివాళ్లకు తెలిసే వీలు లేదు. గుట్టుగా సాగే సంసారాల మీద మన ప్రాంతంలో ఎప్పుడూ సదభిప్రాయం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ అసలు అడగకుండానే అన్నిటినీ ఇలా ఒకే మూటలో కట్టేస్తోంది. కాబట్టి ఇప్పటి పిల్లలకు అండర్‌స్కోర్ ఫైల్స్ అనే బాబాయి ఒకడు ఉండేవాడని కూడా తెలీదు.

అందువల్ల పెద్దమనిషిగా నా తీర్పు: ఉన్న జంటల్ని ఎవరూ విడదీయకూడదు, పేర్లు మార్చకూడదు, ఇల్లు మారితే ఇద్దర్నీ కలిపే మార్చాలి. కొత్తగా దాచేవాళ్లు సింగిల్ ఫైల్‌గా దాచుకోవచ్చు. పూతరేకుల పేజీ అయితే ఒకసారి కిందిదాకా జరిపి మరీ దాచాలి. తీర్పు నచ్చక ఈపాటికే డిలీట్ కొట్టేసినవాళ్లు వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినవాళ్ల కేసు ఈ పంచాయతీ పరిధిలోకి రాదు.