డ్యూటీ దిగాక పనిచేసే ఫ్యానుపై అభియోగ పత్రం

పైవారి ఉత్తర్వు లేకుండా, వేళ దాటిన తరవాత, ఎవరూ అడగకుండా పనిచేసేవారిని మన దేశంలో ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా. అందుకే కారు ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాక కూడా బానెట్ కింద గుయ్యిమంటూ తిరిగే రేడియేటర్ ఫ్యానును మన సమాజం అనుమానంగా చూడటాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఓనరుగారు మెట్లెక్కుతున్నా ఇంకా పని చేస్తున్నదంటే ఏదో తప్పు చేసే ఉంటుంది.

విచారణకు మనవద్ద లోటు లేదు. సెల్లార్‌లో ఆ చప్పుడు మొదలవగానే వాచ్‌మన్ వచ్చి "బండి ఆపడం మరిచిపోయారు సార్" అంటాడు. రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు షార్ట్ సర్క్యూట్ అని తేల్చేస్తారు. ఆయన పనిచేసింది నీటిపారుదల శాఖలో కనుక, ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకుపోయే కూలెంట్ అనే ద్రవం మీద మాట్లాడే అధికారం ఆయనకు కొంత ఉందనే అనుకోవాలి. మరొకరు బ్యాటరీ మార్చమంటారు. ఇంజిన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. అంత చిన్న ప్రశ్నతో తేలిపోయే కేసు మన స్థాయికి తగదు.

న్యాయం కోసం ముద్దాయి వాదన కూడా వినాలి. ఇంజిన్ ఆగగానే నీటిపంపు ఆగుతుంది, కూలెంట్ ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. సిలిండర్ల చుట్టూ లోహంలో పట్టిన వేడి మాత్రం తాళం తీశారని ఆగదు. ఆ నిలిచిన కూలెంట్‌లోకే దిగుతుంది. కాసేపటివరకు లోపలి ఉష్ణోగ్రత తగ్గకపోగా పెరుగుతుంది కూడా. అందుకే కొన్ని కార్లలో ఫ్యానుకు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తారు. మే నెలలో, ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చిన బండిలో అది కొన్ని నిమిషాలు తిరిగి తనంతట తానే ఆగిపోతే రోగం కాదు. వాహనాల పొగను కట్టడి చేసే బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చిన 2020 తరవాతి డీజిల్ కార్లయితే మరో సాకు కూడా చెబుతాయి: పొగగొట్టం దారిలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చుకుంటుండగా మీరు మధ్యలో బండి ఆపేశారట. ఫ్యాను మరింత గట్టిగా అరుస్తుంది.

ఇక నిజమైన నేరం ఎలా ఉంటుందంటే, రాత్రంతా చల్లారిన బండిలో, ఏసీ ఆపి ఉంచి, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పినా ఫ్యాను తిరుగుతుంది. లేదా సాయంత్రం మొదలుపెట్టి ఆగనే ఆగదు. అప్పుడు మొదటి అనుమానితుడు రిలే, అంటే ఆదేశం అందగానే ఫ్యానుకు కరెంటు కలిపి, విడదీసే చిన్న స్విచ్చు. అందులోని కాంటాక్టులు కాలి అతుక్కుపోతే, ఆగమనే ఆదేశం వచ్చినా విడవవు. ఫ్యూజు బాక్సు మూత మీది బొమ్మ చూసి ఆ రిలేను లాగితే ఫ్యాను ఆగిందా, దోషం రిలేలోనో దానికి ఆదేశమిచ్చే చోటో ఉంది. అదే నంబరున్న మరో రిలేను అక్కడ పెట్టి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. రిలే తీసినా తిరుగుతుంటే వైరింగ్ చూడాలి. రెండో అనుమానితుడు కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్. దాని వైరు తెగితే ఫ్యానుకు ఆదేశాలిచ్చే బండిలోని కంప్యూటర్‌కు లోపల ఎంత వేడి ఉందో తెలియదు. తెలియనప్పుడు ఫైలు పక్కన పెట్టే సంస్కారం దానికి లేదు. ప్రమాదమేననుకుని ఫ్యానును పూర్తి వేగంతో తిప్పేస్తుంది. ఇలాంటి ఉద్యోగిని ఏ శాఖలోనైనా ఒక్క వారం భరించగలరా?

ఆలస్యం చేయడం మాత్రం మంచిది కాదు. 15 ఆంపియర్లు లాగే ఫ్యానుకు చిన్న కారులోని 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్క ప్రకారం రెండు గంటల పైచిలుకు మించి రాదు. ఈలోగా రేడియేటర్ మూత తీసి చూద్దామనే ఉత్సాహవంతులకు ఒక విన్నపం: ఒత్తిడి వల్లే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం మరిగి ముఖం మీదికే వస్తుంది.

ఈ పరీక్షలన్నీ పుస్తకాల మనుషులకు. మన షెడ్డులో తీర్పు ఒక్కటే: "డైరెక్ట్ చేసేశానండీ, ఇక గొడవ ఉండదు." అంటే సెన్సర్, రిలేల మాట పక్కన పెట్టి ఫ్యాను వైరును తాళానికి కలిపేస్తారు. తాళం తిప్పితే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. లోపల వేడి ఎంతన్నది దాని పరిధిలోకి రాదు. క్రమశిక్షణ అంటే ఇదే. అదే చేత్తో థర్మోస్టాట్‌ను కూడా పీకేస్తారు. "మన ఎండలకు ఇదెందుకండీ, చలి దేశాల వాళ్లకు కదా!" కూలెంట్ తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే ఆ చిన్న తలుపు లేకపోతే ఇంజిన్ ఎప్పటికోగాని దారికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పెట్రోలు ఖర్చు ప్రభుత్వం ఖాతాలో వేసి తిట్టుకోవచ్చు కాబట్టి అదేమంత ఇబ్బంది కాదు. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోస్తారు. అందులోని లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటాయి, వేడి బయటికి పోదు, డైరెక్ట్ చేయని బండ్లలో ఫ్యాను ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. అప్పుడు మళ్లీ వాచ్‌మన్ నుంచి విచారణ మొదలు.

మా సెల్లార్‌లో ఒక కారు ఉంది. దాని ఫ్యాను ఎండాకాలం మధ్యాహ్నం కూడా కిక్కురుమనదు. బండి అంటే అలా ఉండాలని అందరూ దాన్ని చూపించి చెబుతుంటారు. దాని ఫ్యాను ఫ్యూజు ఎప్పుడో కాలిపోయింది. టోల్‌గేటు క్యూలో ఇంజిన్ వేడి చూపే సూది ఎర్రగీత దాటేదాకా ఆ కీర్తికి ఢోకా లేదు.