సవరణ: హెచ్110 పౌడర్ తగ్గింపు గురించి

.44 మ్యాగ్నమ్ రివాల్వర్‌కి తూటాలు ఇంట్లో నింపుకోవడంపై మొన్న రాసినదాంట్లో తప్పు దొర్లింది. ఏ పౌడరైనా (తూటాలో నింపే మందు) తూటాలు నింపే పుస్తకంలోని గరిష్ఠ మోతాదుకి 10 శాతం తగ్గించి మొదలుపెట్టమన్నాను. చాలా పౌడర్లకి సరే గానీ హెచ్110కి అది పనికిరాదు. దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ సంస్థే 3 శాతానికి మించి తగ్గించొద్దంటుంది. తగ్గిస్తే సరిగా అంటుకోక బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. అది చూసుకోకుండా రెండోది పేలిస్తే తుపాకీ పగలొచ్చు, చేతులూ పోవచ్చు. విన్చెస్టర్ 296 కూడా ఇదే పౌడర్, డబ్బా మీద పేరే వేరు. తేలికపాటి లోడ్ కావాలంటే వేరే పౌడర్ చూసుకోండి.

ఇంకోటి వదిలేశాను. క్రింప్ (తూటా అంచుని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం) గట్టిగా లేకపోతే, పేల్చినప్పటి కుదుపుకి సిలిండర్‌లో (తూటాలు పెట్టే, తిరిగే భాగం) మిగతా గదుల్లోని బుల్లెట్లు ముందుకు జారి అది తిరగకుండా పట్టేయొచ్చు. ఆ 10 శాతం తప్పు రాసేటప్పుడు పౌడర్ డబ్బా నా ఎదురుగానే ఉంది, అదీ సిగ్గు.