టేకు ధర ఒక్కటే చూస్తే సరిపోదు

హైదరాబాద్‌లో టేకు ఫర్నిచర్ ధరలు పెరగడానికి దిగుమతులే కారణమని నేను చదివిన ఒక వ్యాసం చెబుతోంది. 2014లో మయన్మార్ ముడి దుంగల ఎగుమతిని నిషేధించాక, ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకుపై మన టింబర్ డిపోలు ఎక్కువగా ఆధారపడుతున్న మాట నిజమే. అయితే లేత వయసులోనే కొట్టేసిన దుంగల్లో చేవ, అంటే లోపలి గట్టి చెక్క, తక్కువ; దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. కోసిన తర్వాత పనికొచ్చే చెక్క ఎంత మిగులుతుందన్నది ఘనపుటడుగు ధరలో కనిపించదు. పైగా సరిగా ఆరని చెక్కతో వర్షాకాలంలో బిగించిన తలుపు మన ఏప్రిల్ ఎండలకు కుంచించుకుపోతుంది. తలుపు చట్రం గాడిలో దాగి ఉన్న పలక అంచున పాలిష్ తగలని గీత బయటపడుతుంది, నిందంతా వడ్రంగి మీద పడుతుంది. ఇది అన్యాయం. కలప మార్కెట్‌ను అధ్యయనం చేసేవారు ధరలతో పాటు సామిల్లుల్లో చెక్క తేమ శాతాన్ని కూడా నమోదు చేయాలని కోరుతున్నాను.