రెండో చెంప వాక్యం ఎవరికి?

పశ్చిమాసియాలో క్షిపణులు పడ్డాయంటే చాలు, ఆ వచ్చే ఆదివారం మన తెలుగు సంఘాలు కొన్నింటిలో ఏం జరుగుతుందో పాఠకులకు తెలుసు. తెర మీద మ్యాపు, దాని మీద ఎర్ర బాణాలు, గోగు అనేవాడు ఇశ్రాయేలు మీదికి దండెత్తుతాడని చెప్పే యెహెజ్కేలు 38వ అధ్యాయం, ప్రవచనం నెరవేరుతోందని కేక, కింది నుంచి హల్లెలూయ. ఈ మధ్య చెన్నైలో అది ఇంకా ముదిరింది. ఒక పక్షం గెలవాలని ఉపవాస ప్రార్థనలు పెడుతున్నారు. కూలిన ఇళ్ల వీడియో వేసి స్తోత్రం చెప్పిస్తున్నారు. ఆ శిథిలాల కింద మనుషులున్నారు. దీన్ని ఆరాధన అని పిలవడానికి మాకు నోరు రావడం లేదు.

అధికారులు ఊరకే ఖడ్గం ధరించరని రోమా పత్రిక 13లో ఉందనీ, రోమా సైన్యంలో శతాధిపతి అయిన కొర్నేలీని పేతురు కొలువు మానమనలేదనీ, పక్కింటివాణ్ని చంపుతుంటే చేతులు ముడుచుకోవడం ప్రేమ కాదనీ అనేవారున్నారు. కొట్టిపారేయదగ్గ వాదన కాదది. యూనిఫాం వేసుకునే బిడ్డలున్న క్రైస్తవ కుటుంబాలకు సైనిక కేంద్రాలున్న ఆవడిలోనైనా పరంగిమలైలోనైనా (సెయింట్ థామస్ మౌంట్) అది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. కానీ ఆ వాదనకు క్రైస్తవ్యమే ఒక ఖరీదు కట్టింది. ఆ ఖరీదు చెల్లించకుండా దీవెన మాత్రం ఇచ్చేస్తున్నారు. మా అభ్యంతరం అక్కడ.

భర్త చేతిలో దెబ్బలు తిని, పెదవి చిట్లి, సంఘానికి వచ్చిన ఆడబిడ్డకు ఏ వాక్యం చూపిస్తారు? మత్తయి 5:39, రెండో చెంప. స్థలం కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములకు? పగ తీర్చడం దేవుని పని, నీది కాదు. నీళ్ల మోటారు దగ్గర పైఫ్లోరువాళ్లతో కొట్లాడినవాడికి? శత్రువును ప్రేమించు. బలం లేనివాడు వచ్చినప్పుడల్లా కొండమీది ప్రసంగం తెరుచుకుంటుంది. విమానాలు, క్షిపణులు ఉన్నవాడి వంతు వచ్చేసరికి అదే బైబిల్లో వేరే పేజీ తెరుచుకుంటుంది. వేర్వేరు తూకపు రాళ్లు యెహోవాకు హేయమని సామెతల గ్రంథం అంటుంది. ఆ మాట బజారులో కూరగాయల బండివాడి కోసమే రాయలేదు.

ఖరీదు సంగతి చూద్దాం. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్ యుద్ధంలో చంపడాన్ని హత్యల లెక్కలో కలపలేదు. అయినా ఆ సైనికుల చేతులు శుభ్రంగా లేవు కనుక మూడేళ్లు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారానికి, దూరంగా ఉంటే మంచిదన్నాడు. తప్పనిసరి అనుకున్న యుద్ధానికే ఆ నియమం. ఆ తర్వాత వేదాంతి అగస్టీను, 13వ శతాబ్దంలో వేదాంతి అక్వినాసు యుద్ధం న్యాయమైనది అనిపించుకోవడానికి షరతులు పెట్టారు: యుద్ధం ప్రకటించే అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, కారణం న్యాయమైనదై ఉండాలి, ఉద్దేశం సరైనదై ఉండాలి. 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం 2309వ పేరాలో నాలుగు షరతులు చెప్పింది. ఎదుటివాడు చేసే నష్టం తీవ్రమైనదీ ఖాయమైనదీ చాలాకాలం నిలిచేదీ కావాలి. మిగతా దారులన్నీ పనికిరావని తేలాలి. గెలిచే అవకాశం నిజంగా ఉండాలి. తొలగించబోయే కీడు కంటే ఆయుధాలు తెచ్చే కీడు పెద్దది కాకూడదు. నాలుగూ ఒకేసారి నిలవాలి.

ఎక్కడ తప్పుతోంది? రెండో షరతు దగ్గర, నాలుగో షరతు దగ్గర. యుద్ధం మొదలైన వారంలో బయటికొచ్చే సమాచారమంతా యుద్ధం చేసేవాడిదే. మిగతా దారులు మూసుకుపోయాయని చెప్పేదీ, పౌరులకు హాని ఉండదని చెప్పేదీ వాడే. 2002 అక్టోబరులో ఇరాక్ మీద దాడి న్యాయమైన యుద్ధమేనని అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘాల నాయకుడు రిచర్డ్ ల్యాండ్ ఆ దేశాధ్యక్షుడికి లేఖ రాశారు. వద్దని చెప్పడానికి రెండో జాన్ పాల్ పోపు 2003 మార్చిలో కార్డినల్ పియో లాగీని వాషింగ్టన్ పంపారు. ఆయన మాట చెల్లలేదు. యుద్ధానికి కారణమని చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు దొరకలేదు. ఇచ్చిన దీవెనను మాత్రం వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు.

మన సంఘాలు ఈ నాలుగు ప్రశ్నల దాకా కూడా రావడం లేదు. ప్రవచనం అనేస్తే ప్రశ్నే అక్కర్లేదు కదా! గోగు అంటే రోము మీద పడుతున్న గోతు జాతివారే అని 4వ శతాబ్దంలో అంబ్రోసు రాశాడు. 16వ శతాబ్దంలో లూథరుకు గోగు తురుష్కుడు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ యూనియన్. ఏ కాలానికి ఎవరు శత్రువైతే వాడే గోగు. గోగు ఏలే చోట్లుగా ఆ అధ్యాయం మెషెకు, తుబాలు పేర్లు చెబుతుంది. చెవికి దగ్గరగా ఉందని మెషెకును మాస్కో చేశారు. అష్షూరు శాసనాల్లో మెషెకు, తుబాలు నేటి టర్కీ ప్రాంతపు జనాలు. అదే వచనంలోని ‘రోష్’ను రష్యా అంటారు; ఆ మాటకు హీబ్రూలో అర్థం తల, అధిపతి. అది దేశం పేరే కాదనే పండితులు చాలామంది. బైబిలు కాలేజీలో ఇది చదివి కూడా బాణాలు గీస్తున్నవారిని ఏమనాలి?

ఈ వాడుక ఎక్కడికి పోతుందో కళ్లెదుటే ఉంది. విధి నిర్వహణలో ప్రాణమిచ్చిన సైనికుడి పాపాలన్నీ కడిగివేయబడతాయని రష్యా ఆర్థడాక్సు చర్చి అధిపతి పాట్రియార్కు కిరిల్ 2022 సెప్టెంబరు 25న బోధించారు. ఒక యుద్ధానికి ఇక్కడ స్తోత్రం చెప్పించినవారికి ఆయన్ని తప్పుపట్టే నోరెక్కడిది? రేపు ఇంకో దేశంలో ఇంకో మతగురువు మన ఊళ్ల మీద పడే బాంబును దీవిస్తే ఏ వాక్యం ఎత్తుతారు? 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో హతమైనవారి కోసం ఏడవడం న్యాయం. అదే నెల 19న గాజాలోని సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణలో తలదాచుకుని చనిపోయినవారి కోసం ఎన్ని సంఘాల్లో మోకాళ్లూనారు? వారు క్రైస్తవులు కనుక అడగడం లేదు. ప్రాణానికి ప్రాణం సమానంగా తూగుతోందా అని అడుగుతున్నాం.

చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికకు ఒక్కసారి వెళ్లి రండి. రెండో ప్రపంచయుద్ధంలో పోయినవారి సమాధులు 856. మధ్యలో ఎత్తైన రాతి సిలువ, దాని మీద బిగించిన కంచు కత్తి. మొన కిందికి ఉంటుంది. ఎత్తి పట్టిన కత్తి కాదది. చచ్చినవారిని లెక్కపెట్టుకున్నాక దించిన కత్తి. అక్కడికి దగ్గర్లోనే పరంగిమలై; తోమాను ఈటెతో పొడిచి చంపింది అక్కడేనని సంప్రదాయం. ఈటె పోటుకు బలైన అపొస్తలుడి పేరున్న ఊళ్లో క్షిపణికి హల్లెలూయ చెప్పిస్తున్నారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన మెన్నొనైట్ కుటుంబాలు ఈ నగరంలో ఉంటే వారినైనా అడగండి. కత్తి పట్టబోము అనే మాట మీద పుట్టిన సంఘాల వారసత్వం వారిది.

ఈ ఆదివారం పాస్టర్లు మ్యాపు తీసేయాలి. ఏదైనా యుద్ధాన్ని సమర్థించి తీరాలనుకుంటే ఆ నాలుగు షరతులు తెలుగులో చదివి, ఒక్కోదానికి తమ దగ్గరున్న ఆధారమేమిటో సంఘం ముందు చెప్పాలి. చెప్పలేకపోతే రెండు వైపుల మృతులకూ ఒకే ప్రార్థన చేయాలి. కానుక పడితే ఆసుపత్రులకు పంపాలి. సైన్యంలో బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లి పలకరించాలి. ఇందులో ఏదీ చేయబోము అంటారా, అయితే పెదవి చిట్లి వచ్చిన ఆడబిడ్డకు ఇకమీదట రెండో చెంప చూపమని చెప్పకండి. చెప్పే హక్కు మీకు లేదు.